కాపురమును బట్టి దారి

(యానాములోని మా పాఠశాల తల్లిదండ్రుల సభయందు ప్రధానోపాధ్యాయులు గావించిన ఉపన్యాసము)



ప్రతి సంవత్సరమును ఈ సభలో మేము పరీక్షా ఫలితములను గూర్చియు, పిల్లల హాజరును గూర్చియు మాటలాడుట ఆచారము. ఈసారి సంఘమువారు మమ్ము వేరొక విషయముపై ప్రసంగింపుమని కోరిరి. మన పిల్లలలో కొందరు ఫ్రెంచి పౌరులను, తక్కిన ఐరోపా దేశముల పౌరులను వివాహమాడి అచ్చటికి కాపురమునకు పోవుచున్నారు. అట్లు పోవువారు నివాసానుమతికై ఏ దరఖాస్తు పెట్టుకొనవలెను, ఏ మార్గమును ఎంచుకొనవలెను అను విషయము చెప్పుమనిరి. బడిపంతులునకు ఈ గొడవ ఏల యని మేమును మొదట అనుకొంటిమి. కాని ఈ పనికి కావలసిన కాగితములలో మొదటివి మన బడి పుస్తకములనుండియే పుట్టుచున్నవి. అంతేకాక ఈ విషయమున మావలన జరిగిన యొక పొరపాటు కూడ కలదు. దానిని మీ యెదుట చెప్పుకొనుట మా ధర్మమని తోచి యంగీకరించితిమి.

వివాహమునకును, చట్టమునకును, సరిహద్దునకును గల సంబంధము మన యూరికి క్రొత్తది కాదు. 1929లో బ్రిటిషు ఇండియాలో బాల్యవివాహములను నిషేధించుచు శారదా చట్టము వచ్చినది. అది పరాసువారి పాలనలోనున్న యానాములో చెల్లలేదు. అందువలన చుట్టుప్రక్కల గ్రామములవారు బండ్లు కట్టుకొని, పడవలెక్కి, ఇచ్చటికి వచ్చి చిన్నపిల్లల పెండ్లిండ్లు చేసికొనిపోయెడివారని మన పెద్దలు చెప్పగా వినియున్నాము. అది మెచ్చుకొనదగిన పని కాదు. అయినను అందులో మనము గ్రహింపవలసిన సంగతి యొకటి కలదు. చట్టము మనిషిని బట్టి మాత్రమే కాక ఊరిని బట్టి కూడ మారును. అదే వధువు, అదే వరుడు. ఎల్ల దాటిన చట్టము వేరు. ఈనాడు మేము చెప్పబోవునదంతయు ఈ యొక్క మాటకు వివరణమే.

కొన్ని యేండ్ల క్రిందట మా బడిలో చదివిన యొక బాలికకు వివాహమైనది. ఆమె గణితములో ఎప్పుడును మొదటిది. వరుని పూర్వులు ఈ యూరివారే. అతడు ఫ్రెంచి పౌరుడు. పారిసు దగ్గర నుద్యోగము. పెండ్లి ఇచ్చటనే ఘనముగా జరిగినది. తరువాత ఇరు కుటుంబములవారును ప్రక్క పట్టణములోని యొక ఏజెంటును ఆశ్రయించిరి. అతడు, "దీర్ఘకాలపు వీసాయనిన ఆలస్యము. స్వల్పకాలపు వీసా త్వరగా వచ్చును. ఐరోపా పౌరుని భార్య గదా, అచ్చటికి పోయిన పిమ్మట మార్చుకొనవచ్చును" అని చెప్పెను. ఆమె 90 దినముల వీసాతో వెళ్లినది. భర్త యామెను వెంటబెట్టుకొని అచ్చటి ప్రిఫెక్చరు కార్యాలయమునకు పోగా, "మీ వివాహము భారతదేశములో జరిగినది. దీర్ఘకాలపు వీసాతో రావలెను. తిరిగి వెళ్లుడు" అని చెప్పిరి. అప్పటికామె గర్భవతి. గడువు తీరకముందే మరలి వచ్చినది.

ఇంకను వినుడు. దీర్ఘకాలపు వీసాకు దరఖాస్తు పెట్టబోగా, పెండ్లి ఫ్రెంచి రిజిస్టరులో నమోదు కాలేదని తేలినది. నమోదునకు పోగా జనన ధృవపత్రములో ఆమె పేరు ఒక విధముగాను, పాస్‌పోర్టులో మరియొక విధముగాను ఉన్నవని యాపివేసిరి. పాస్‌పోర్టు ఏ కాగితమును బట్టి వచ్చినది? మేమిచ్చిన టి.సి.ని బట్టి. ఆమెను బడిలో చేర్చుకొన్ననాడు జనన ధృవపత్రమును చూడక, తండ్రిగారు నోట చెప్పినట్లు ఇంగ్లీషు అక్షరములలో పేరు వ్రాసికొన్నవారము మేమే. ఒక్క అక్షరము ఎక్కువ పడినది. ఇంటిపేరు పొడి అక్షరముగా మిగిలినది. ఆ చిక్కు విడుటకు పదునొకండు నెలలు పట్టినది. బిడ్డ ఇచ్చటనే పుట్టినది. తండ్రి తన బిడ్డను ఎత్తుకొనునాటికి ఆ బిడ్డకు కూర్చుండుట వచ్చినది. ఆ తల్లి మమ్ము ఒక్క మాటయు అనలేదు. అనకపోవుటయే మాకు బరువుగా నుండిపోయినది.

ఇక విషయమునకు వత్తము. మొట్టమొదట, వివాహమునకు ముందే తెలిసికొనవలసిన ప్రశ్న యొకటి కలదు. వరుడు గాని వధువు గాని నిజముగా ఐరోపా పౌరులేనా?

మన యూరిలో ఈ ప్రశ్నకు చరిత్ర కలదు. 1954 నవంబరు 1న పుదుచ్చేరి, కారైకాలు, మాహే, యానాము భారత ప్రభుత్వ పరిపాలనలోనికి వచ్చినవి. విలీనపు ఒడంబడికపై 1956 మే 28న సంతకములైనవి; అది 1962 ఆగస్టు 16న అమలులోనికి వచ్చినది. దాని ప్రకారము ఇచ్చట పుట్టి ఇచ్చటనే నివసించు ఫ్రెంచి ప్రజలు భారత పౌరులైరి. ఆరు నెలలలోగా వ్రాతపూర్వకముగా కోరుకొన్నవారు ఫ్రెంచి పౌరసత్వమును నిలుపుకొనిరి. అట్లు నిలుపుకొన్నవారి సంతతివారు నేడును మనలో ఉన్నారు. అయితే తాతగారు 1962లో సంతకము చేసినంత మాత్రమున మనుమడు ఫ్రెంచి పౌరుడని ఎవరికి వారు నిర్ణయించుకొనరాదు. పూర్వులు విదేశములో ఏబది యేండ్లకు మించి యుండిపోయి, తానుగాని, తల్లిదండ్రులలో ఒకరుగాని ఫ్రెంచివారుగా గుర్తింపబడుచు మెలగియుండనిచో, వంశమునుబట్టి ఆ పౌరసత్వమును నిరూపించుకొను అవకాశమును ఫ్రెంచి చట్టము ఇచ్చుట లేదు. కనుక సంబంధము చూచునప్పుడు జాతకములతోపాటు మూడు కాగితములు చూడవలెను: చెల్లుబడిలోనున్న ఫ్రెంచి పాస్‌పోర్టు లేదా గుర్తింపు కార్డు, ఫ్రెంచి రిజిస్టరులోని జనన నమోదు పత్రము, అవసరమైనచో ఫ్రెంచి పౌరసత్వ ధృవపత్రము. విదేశములలో పుట్టిన ఫ్రెంచివారి జనన, వివాహ నమోదులు ఫ్రాన్సులోని నాంట్ నగరమున నున్న కేంద్ర కార్యాలయములో ఉండును. ఈ కాగితములు అడుగుట అమర్యాద కాదు; అడుగకుండుటయే అజాగ్రత్త.

వరుడు ఫ్రెంచి పౌరుడే యని తేలినది. ఇప్పుడు రెండవ ప్రశ్న: కాపురము ఎచ్చట? దీనికి సమాధానము చెప్పనిదే ఏ దరఖాస్తును పూర్తి చేయరాదు. ఏలయన మార్గములు దీనిని బట్టియే చీలుచున్నవి.

మొదటి మార్గము: ఫ్రెంచి పౌరుడు ఫ్రాన్సులోనే నివసించుట. ఇట్టి సందర్భమున భార్య గాని భర్త గాని పోవలసినది ఫ్రాన్సు దేశపు స్వంత చట్టము ననుసరించి. అతడు ఐరోపా పౌరుడను మాట ఇచ్చట ఉపయోగపడదు. తన దేశములో తానున్నవానికి ఆ దేశపు చట్టమే వర్తించును. ఈ మార్గమున నాలుగు మెట్లు కలవు.

మొదటి మెట్టు, వివాహమునకు ముందు ఫ్రెంచి కాన్సులేటులో దరఖాస్తు పెట్టి, వివాహార్హత పత్రమును పొందుట. అచ్చట పది దినములు ప్రకటన వేయుదురు. రెండవ మెట్టు, ఇచ్చటి రిజిస్ట్రారు వద్ద వివాహము నమోదైన తరువాత దానిని ఫ్రెంచి రిజిస్టరులోనికి ఎక్కించుకొనుట. ఇది జరుగనిదే భార్యగా వీసా అడుగుటకు వీలులేదు. ఎంత ఘనముగా పెండ్లి జరిగినను, ఎన్ని ఫొటోలున్నను, ఆ రిజిస్టరులో పంక్తి లేనిచో దరఖాస్తు ముందుకు సాగదు. మూడవ మెట్టు, ఫ్రెంచి పౌరుని జీవిత భాగస్వామిగా దీర్ఘకాలపు వీసా కోరుట. ఈ వీసాను నిరాకరించుటకు చట్టము మూడే కారణములను చెప్పినది: మోసము, వివాహము రద్దగుట, ప్రజాశాంతికి ముప్పు. భర్త జీతము ఇంత యుండవలెనను నియమము లేదు. కావున నిజాయితీగా పెండ్లి చేసికొన్నవారు ఈ మార్గమునకు భయపడి దొంగదారి వెదకవలసిన పని లేదు. నాలుగవ మెట్టు, ఫ్రాన్సులో దిగిన మూడు నెలలలోగా ఆ వీసాను అంతర్జాలములో నమోదు చేసి పన్ను చెల్లించుట. అప్పుడది ఒక సంవత్సరము నివాసపత్రముగా పనిచేయును. దానితో ఉద్యోగము చేసికొనవచ్చును. ఆ పిమ్మట రెండేండ్ల కార్డు. వివాహమై, సక్రమముగా నివసించి, కలిసి కాపురము చేయుచు మూడేండ్లు గడచినచో పదేండ్ల కార్డు కోరవచ్చును. వివాహమై నాలుగేండ్లు నిండినచో ఫ్రెంచి పౌరసత్వమునకు ప్రకటన చేసికొనవచ్చును. ఫ్రాన్సులో ఎడతెగక మూడేండ్లు నివసింపనివారికి ఐదేండ్లు.

స్వల్పకాలపు వీసాతో పోయి అచ్చటనే మార్చుకొనవచ్చునను మాట ఎక్కడనుండి పుట్టినదని మీరడుగవచ్చును. చట్టములో ఆ వెసులుబాటు కలదు. కాని అది సక్రమముగా ఫ్రాన్సులో ప్రవేశించి, ఫ్రాన్సులోనే వివాహమాడి, అచ్చట ఆరు నెలలు కలిసి కాపురము చేసినవారికి. యానాములో పెండ్లి చేసికొన్నవారికి కాదు. సగము నిజము చెప్పిన ఏజెంటు పూర్తి అబద్ధము చెప్పినవానికంటె ఎక్కువ నష్టము చేయును.

రెండవ మార్గము: ఐరోపా పౌరుడు తన దేశమును విడిచి, ఐరోపా సమాఖ్యలోని వేరొక దేశములో నివసించుట. ఫ్రెంచి పౌరుడు జర్మనీలో ఉద్యోగము చేయుచుండును. లేదా పోర్చుగీసు పౌరురాలు ఐర్లండులో పనిచేయుచుండును. వారి జీవిత భాగస్వామి భారతీయులైనను, అచ్చటికి పోవునప్పుడు వర్తించునది ఆ దేశపు స్వంత వలస చట్టము కాదు. 2004లో సమాఖ్య చేసిన 38వ నిర్దేశము. ఇందులో ప్రవేశమునకిచ్చు వీసాకు రుసుము లేదు. దానిని సాధ్యమైనంత త్వరగా ఇయ్యవలెనని నిబంధన. అచ్చటికి చేరినవారు మూడు నెలలకు మించి యుండదలచినచో కుటుంబ సభ్యుల నివాసకార్డునకు దరఖాస్తు పెట్టవలెను. దరఖాస్తు అందినట్లు వెంటనే పత్రమిత్తురు. ఆరు నెలలలోగా కార్డు ఇయ్యవలెను. అది ఐదేండ్లు చెల్లును. దానితో ఉద్యోగము చేయవచ్చును. ఐదేండ్లు సక్రమముగా నివసించిన పిమ్మట శాశ్వత నివాస హక్కు కలుగును. కార్డు ఇచ్చుటకు భాషాపరీక్ష లేదు.

అయితే దీనికొక ఆధారము కావలెను. ఆ ఐరోపా పౌరుడు అచ్చట ఉద్యోగము గాని, స్వంత వృత్తి గాని చేయుచుండవలెను; లేదా చదువుకొనుచుండవలెను; లేదా ప్రభుత్వముపై భారము పడకుండ బ్రతుకుటకు తగిన ధనమును, ఆరోగ్యపు బీమాయును కలిగియుండవలెను. అతడచ్చట ఆ హక్కును వినియోగించుకొనుచున్నంత వరకే భార్యకు ఆ హక్కు. వివాహము ఎచ్చట, ఎప్పుడు జరిగినదను దానితో పనిలేదని 2008 జూలై 25న ఐరోపా న్యాయస్థానము మెటాక్ అనువారి వ్యాజ్యములో తేల్చినది. అంతకుముందు ఐర్లండు ప్రభుత్వము, భార్యయో భర్తయో మొదట వేరొక సభ్యదేశములో సక్రమముగా నివసించియుండవలెనని పట్టుపట్టుచుండెడిది. ఆ పట్టుదల చెల్లదనిరి.

ఇప్పుడు మన బాలిక విషయము మరల తలచుకొనుడు. ఆ ఏజెంటు చేసిన పొరపాటు స్పష్టమగును. చిన్న వీసాతో పోయి అచ్చట కార్డు అడుగుట రెండవ మార్గములో సరియైన పద్ధతి. దానిని తెచ్చి మొదటి మార్గములో పెట్టినాడు. అదే భర్త జర్మనీలో ఉద్యోగము చేయుచుండినచో ఆమె తిరిగి రావలసిన పనియే యుండెడిది కాదు. ఫ్రాన్సులో ఉండుటవలన తిరిగి రావలసివచ్చినది. ఒక ఐరోపా పౌరునికి తన దేశములో లేని వెసులుబాటు పరదేశములో కలుగుట వింతగా తోచును. కాని విధి అది. మన పూర్వులు ఎల్ల దాటి పెండ్లిండ్లు చేసికొన్ననాడు జరిగినదియు ఇదియే గదా!

మూడవ మార్గము: వేరొక సభ్యదేశములో కాపురము చేసి, తరువాత భర్తయొక్క స్వంత దేశమునకు తిరిగి వచ్చుట. ఈ మార్గమునకు పేరు తెచ్చినది ఒక భారతీయుడు. సురీందర్ సింగ్ అను ఆయన 1982లో ఇంగ్లండులో ఒక బ్రిటిషు పౌరురాలిని వివాహమాడెను. 1983 మొదలు 1985 వరకు భార్యాభర్తలు జర్మనీలో పనిచేసి, తరువాత వ్యాపారము పెట్టుకొనుటకు బ్రిటనునకు తిరిగివచ్చిరి. ఆయనను వెడలగొట్ట ప్రయత్నించినప్పుడు వ్యాజ్యము ఐరోపా న్యాయస్థానము వరకు పోయినది. 1992 జూలై 7న తీర్పు వచ్చినది: వేరొక సభ్యదేశములో పనిచేసి స్వదేశమునకు తిరిగివచ్చు పౌరురాలికి, ఇతర సభ్యదేశమునకు పోయినప్పుడున్న హక్కులకు తక్కువ కాని హక్కులు ఉండవలెను, ఆమె భర్తకును అంతే. బ్రిటను 2020 జనవరి 31న సమాఖ్యను వీడిపోయినది. కావున ఆ దేశములో ఈ మార్గము నేడు లేదు. కాని తక్కిన సభ్యదేశములలో ఆ తీర్పు నిలిచియే యున్నది. అయితే 2014 మార్చి 12న వచ్చిన వేరొక తీర్పులో న్యాయస్థానము ఒక సంగతి స్పష్టము చేసినది. సెలవులకు పోయి వచ్చినచో చాలదు; మూడు నెలలకు మించిన నిజమైన కాపురము అచ్చట జరిగియుండవలెను. ఇల్లు, ఉద్యోగము, పన్నులు వీనికి సాక్ష్యములు చూపవలెను. వీసా కొరకే నాలుగు దినములు పొరుగు దేశములో గది అద్దెకు తీసికొనువారికి ఇది పనికిరాదు.

దంపతులు ఎచ్చటికిని పోక మన దేశములోనే ఉండదలచినచో చిక్కు తారుమారగును. అప్పుడు అనుమతి కావలసినది మన పిల్లలకు కాదు, ఆ విదేశీ పౌరునికి. నమోదైన వివాహము రెండేండ్లు ఎడతెగక నిలిచిన తరువాత అతడు ఓ.సి.ఐ. కార్డునకు దరఖాస్తు పెట్టవచ్చును. 1947 ఆగస్టు 15 తరువాత భారతదేశములో చేరిన భూభాగమునకు చెందినవారును, వారి సంతతియును వంశమును బట్టియే ఆ కార్డును కోరవచ్చును. మన యానాము అట్టి భూభాగమే. కావున ఇచ్చటి మూలము గల ఫ్రెంచి పౌరులు ఈ సంగతి గుర్తుంచుకొనవలెను.

మార్గములు చెప్పితిమి. ఎంచుకొనుట ఎట్లు? ఏది త్వరగా అగును, ఏది చవుక అని చూచి మార్గమును ఎంచుకొని, దానికి తగినట్లు కాపురమును మార్చుకొనువారు కొందరున్నారు. ఉద్యోగమును, భాషను, చుట్టములను వదలి ఒక కార్డు కొరకు పరాయి నగరమునకు పోయి, అచ్చట పని దొరకక ఆ కార్డును గూడ పోగొట్టుకొనుట లాభము కాదు. ముందు దంపతులు కూర్చుండి, వచ్చు ఐదేండ్లు మన పొయ్యి ఎచ్చట వెలుగవలెనని నిశ్చయించుకొనవలెను. ఆ నిశ్చయమైనచో మార్గము దానంతటదియే కనబడును. కార్డును బట్టి కాపురము కాదు. కాపురమును బట్టి కార్డు.

ఇక ఆడపిల్లల తల్లిదండ్రులకు ఒక మాట. ఈ మార్గములన్నిటిలోను మన పిల్లల హక్కు వివాహమునుండి పుట్టినదే. వివాహము చెదరినచో హక్కు ఏమగును? ఈ ప్రశ్నను అశుభమని త్రోసివేయకుడు. ఫ్రాన్సులో కాపురము విడిపోయినచో మొదటి యేండ్లలో కార్డును కొనసాగింపకపోవచ్చును. కాని భర్త మరణించినచో, లేదా అతని హింసవలన ఆమె విడిపోవలసివచ్చినచో, ఆ కారణముచే కార్డు తీసివేయరాదని చట్టము రక్షణ కల్పించినది. రెండవ మార్గములో, వివాహము కనీసము మూడేండ్లు నిలిచి, అందు ఒక యేడైనను ఆ దేశములో గడచినచో, విడాకుల తరువాత కూడ, తన కాళ్లపై తాను నిలుచుచున్నచో, ఆమెకు నివాస హక్కు నిలుచును. భర్త మరణించినచో, అంతకుముందు ఒక యేడు ఆ దేశములో నివసించియున్నవారికి ఇట్టి రక్షణయే కలదు. దెబ్బలు తినుచు కార్డు కొరకు నోరు మూసికొని యుండవలసిన పనిలేదని మీ బిడ్డకు విమానమెక్కక ముందే చెప్పి పంపుడు. ఆమె పాస్‌పోర్టు, వివాహపత్రము, కార్డు ఆమె పెట్టెలోనే యుండవలెను. అత్తవారి బీరువాలో కాదు. వాని నకళ్లు మీ యింట ఉండవలెను.

కాగితముల సంగతి. మా పొరపాటునుండి మేము నేర్చుకొన్నది చెప్పెదము. బిడ్డ పేరు జనన ధృవపత్రములోను, బడి పుస్తకములోను, ఆధార్‌లోను, పాస్‌పోర్టులోను అక్షరము పొల్లు పోకుండ ఒక్కటిగా నుండవలెను. మన వాడుకలో ఇంటిపేరును ముందు పొడి అక్షరముగా వ్రాయుదుము. ఐరోపావారికి ఆ పొడి అక్షరము అర్థము కాదు. ఇంటిపేరు పూర్తిగా, వేరుగా కావలెను. పెండ్లి కాగానే ఇంటిపేరు మార్చి క్రొత్త పాస్‌పోర్టు తీయుటకు తొందరపడకుడు. ఫ్రెంచి చట్టము ప్రకారము స్త్రీకి పుట్టింటి పేరే జీవితాంతము అసలు పేరు; భర్త పేరు వాడుకకు మాత్రమే. తొందరపడి మార్చినచో రెండు పేర్లు ఒక్కరివే యని నిరూపించుటకు మరల తిరుగవలసివచ్చును. ఇతర దేశములకు పోవువారిని మన ధృవపత్రములపై అపోస్టిలు ముద్రయు, అనువాదమును అడుగుట పరిపాటి. ఈ సంవత్సరము మొదలు మా కార్యాలయములో జనన ధృవపత్రమును చూడక ఏ బిడ్డ పేరును వ్రాసికొనుట లేదు. ఇప్పుడు చదువుచున్న పిల్లల పేర్లను గూడ సరిచూచుచున్నాము. మీరు ధృవపత్రముతో వచ్చి, పుస్తకములోని వ్రాతను మీ కన్నులతో చూచి సంతకము చేయుడు. పదవ తరగతి పత్రము చేతికి వచ్చిన పిమ్మట దిద్దుట కష్టము. ఐదవ తరగతిలో దిద్దుట సులభము.

తుదకు భాష. ఇది మా వృత్తికి చెందిన మాట గనుక కొంచెము నమ్మకముతో చెప్పగలము. ఐరోపావారు భాషాజ్ఞానమును ఏ1, ఏ2, బీ1, బీ2, సీ1, సీ2 అని ఆరు మెట్లుగా విభజించినారు. ఫ్రాన్సులో 2024 జనవరి 26 నాటి చట్టమువలన, 2026 జనవరి 1 నుండి, ఒక సంవత్సరమునకు మించిన కార్డునకు ఏ2, పదేండ్ల కార్డునకు బీ1, పౌరసత్వమునకు బీ2 మెట్టు కావలెను. మన పిల్లలు అచ్చటికి పోయి నేర్చుకొందుమనుకొనుచున్నారు. వంటయిల్లు, చంటిబిడ్డ, క్రొత్త ఊరు వీని నడుమ నేర్చుట ఎంత కష్టమో పోయినవారినడుగుడు. వీసా కొరకు వేచియుండు నెలలలోనే మొదటి రెండు మెట్లు ఎక్కుట మేలు. పుదుచ్చేరిలోను, హైదరాబాదులోను అలియాన్సు ఫ్రాంసేజు తరగతులు కలవు.

"ఫ్రెంచి కావలసివచ్చినప్పుడు ఈ తెలుగు బడి యెందుకు?" అని ఒక తండ్రిగారు మమ్మడిగిరి. న్యాయమైన ప్రశ్న. మేము ముప్పది యేండ్లుగా పిల్లలకు చదువు చెప్పుచున్నాము. తన భాషలో వాక్యమునకు కర్త యేదో, క్రియ యేదో తెలిసిన బిడ్డ రెండవ భాషను త్వరగా పట్టుకొనుట మేము ప్రతి సంవత్సరము చూచుచున్నాము. ఏ భాషయు పూర్తిగా రానివాడు మూడవ భాషలోను తడబడును. మరియొక కారణము కూడ కలదు. పరదేశములో బిడ్డకు కష్టము వచ్చిననాడు తల్లికి ఆమె ఏ భాషలో ఉత్తరము వ్రాయును?

చట్టములు మారుచుండును. మేము చెప్పినదానిని దారి చూపు రాయిగా తీసికొని, దరఖాస్తు వ్రాయునాడు ఆయా ప్రభుత్వముల అధికార ప్రకటనలను మీరే చదువుడు. ఇంగ్లీషులో చదువుట కష్టమైనవారు సాయంకాలము బడికి రండు. మేమును, మా సహోపాధ్యాయులును కూర్చుండి చదివి తెలుగులో చెప్పెదము. దీనికి రుసుము లేదు. ఏజెంటు వద్దకు పోవలదని మేము చెప్పము, కాని అతనికి డబ్బు ఇచ్చుటకు ముందు "కాపురమెచ్చట యని మీరు మమ్మడుగలేదేమి?" యని యొక్క ప్రశ్న వేయుడు. సమాధానము చెప్పలేనివాడు మార్గము నెరుగనివాడు.

మా పూర్వ విద్యార్థిని ఇప్పుడు ఫ్రాన్సులోనే యున్నది. పోయిన వేసవిలో బిడ్డను వెంటబెట్టుకొని బడికి వచ్చినది. ప్రవేశపు రిజిస్టరు చూపుమని యడిగి, తన పేరున్న పంక్తిని వెదకి, మేము ఎఱ్ఱసిరాతో దిద్దిన అక్షరమును బిడ్డకు చూపించినది. "ఇది అమ్మ పేరు" అని తెలుగులోనే చెప్పినది. బిడ్డ కూడబలుకుకొని చదివినది. మీ పిల్లల పేర్లను ఎఱ్ఱసిరాతో దిద్దవలసిన యవసరము మాకు రాకుండుగాక యని కోరుచున్నాము.